కాళ్ల మెలిక

"మోకు తెగింది!" అని అరిచాడు నూకరాజు.

తాటిమాను మీద నిలువెత్తున ఉన్న సింహాద్రి చేతిలో కత్తి కింద పడేశాడు. పాదాలు రెంటికీ కలిపి వేసుకున్న బంధం విదిల్చాడు. నడుముకీ మానుకీ చుట్టిన మోకు సంగతి మరిచిపోయి రెండు చేతులా మానుని కావిలించుకున్నాడు. నాలుగోది గుర్తొచ్చేలోగా జారి ఇసకలో కూలబడ్డాడు.

"చచ్చేవు," అన్నాడు నూకరాజు తాపీగా. "మళ్లీ ఎక్కు."

మోకు తెగలేదు, నేర్పడానికి వేసిన ఉత్తుత్తి కేక; ఆ పొద్దుట అది ఏడోసారి. ముక్తేశ్వరం అవతల దివాణం తాడితోటని ఆనుకుని ఉన్న ఆ పేటలో పన్నెండిళ్లూ కల్లుగీత వాళ్లవే. పన్నెండేళ్లొచ్చేసరికి మగపిల్లలందరికీ చెట్టెక్కడం వచ్చేస్తుంది. సింహాద్రికి ఇరవయ్యారు. రాజోలు వైపు పడవల మీద గడేసి, తెరచాప కట్టి పెరిగినవాడు. నూకరాజు కూతురు సత్యవేణిని చేసుకుని ఇల్లరికం వచ్చి మూడు నెలలైంది. పేటలో వాళ్లు అతన్ని పేరు పెట్టి పిలవరు. "పడవోడు" అంటారు.

"నాలుగు మాటలు," అన్నాడు నూకరాజు, అల్లుడి వీపు మీద ఇసక దులుపుతూ. "కత్తి వదులు. బంధం విదుల్చు. మాను కావిలించుకో. కాళ్లు మెలివెయ్యి. మొదటి మూడూ ఎవడైనా చేస్తాడు. నాలుగోదే ప్రాణం. పాదాలు మానెనకాల ఒకదాని మీదొకటి పడాలి. తాళం పడ్డట్టు పడాలి. పడ్డాక నేలకి దిగేదాకా విప్పకూడదు. అర్థమైందా?"

"ఆయ్, అర్థమైందండి."

"మా నాన్న నాకు చెప్పింది ఇదే. నేను ముప్పైమందికి చెప్పింది ఇదే."

పక్క వాకిట్లో మంగాయమ్మ కల్లు పట్టే లొట్లు బోర్లించి మసిగుడ్డతో తోముతోంది. ఆమె నూకరాజు తమ్ముడు వీరబాబు భార్య. తొమ్మిదేళ్ల కిందట వీరబాబు మోకు తెగి, పడి చనిపోయాడు. ఆమె చెయ్యి ఆపకుండానే అంది:

"బాగా నేర్చుకో బాబూ. మీ చినమావయ్యగారు ఆ ఒక్క ముక్కా వినకే పోయేరు. అన్నగారు చెప్పినట్టు చేస్తే బతికుండేవారు. ఇద్దరు పసివాళ్లని నా మీద పడేసి దర్జాగా వెళ్లిపోయేరు."

 తమ్ముడి శవం దగ్గిర ఆ మాట అన్నది నూకరాజే. 'చెప్పినట్టు చెయ్యలేదు' అన్నాడు. అంతకు ముందు పోయిన ఇద్దరి దగ్గిరా అదే అన్నాడు.

సింహాద్రి ఎనిమిదోసారి ఎక్కాడు. ఈసారి పాదాలు మానెనకాల తగులుకున్నాయి. నిలువెత్తు నుంచి జారితే ఏముంది, కళ్లు మూసి తెరిచేలోగా నేల తగిలింది. నూకరాజు తల ఊపాడు. తరవాత మోకు తీసుకుని నీడలో కూచున్నాడు.

మోకు చూడ్డం అతనికి రోజూ పూజ లాంటిది. బొటనవేలితో జానెడు జానెడు నొక్కుకుంటూ వెళతాడు. తాటిమట్టల నార తీసి, నానేసి, దంచి, పేనిన మోకు రెండేళ్లు నమ్మకంగా పనిచేస్తుంది. ఇది నాలుగో ఏడు. ధవళేశ్వరం ఆనకట్ట అయిపోయిన దగ్గర్నించి ఈ వైపు కాలవలు తవ్వుతున్నారు. ఆ పనికి తట్టలకీ తాళ్లకీ తోటలో మట్టలన్నీ వెళ్లిపోతున్నాయి. గీతవాళ్లు మట్ట ముట్టుకుంటే చెట్లు లాగేసుకుంటామని దివాణం నుంచి టముకు వేయించారు. నూకరాజు రెండుసార్లు వెళ్లి బతిమాలాడు. "పాతమోకుకి ఆముదం రాసుకోండ్రా" అన్నారు. రాసుకుంటున్నాడు. మెత్తబడిన చోట సత్యవేణి పాతచీర అంచు చింపి ఇస్తే దాన్నే చుట్టాడు.

అయిదో రోజు పొద్దున్న కాలవగట్టు మీది పెద్దచెట్టు సింహాద్రి ఎక్కాడు. పన్నెండు నిలువుల చెట్టు. గట్టుకి ఆ కొసన ఇంకో చెట్టు మీద నూకరాజు ఉన్నాడు. నాలుగు రోజులుగా ఈ చెట్టు ఎక్కుతున్నాడు గనక సింహాద్రికి భయం తగ్గింది. మోకు మీద వెనక్కి వాలి, పాదాలు మానుకి తన్నిపెట్టి, మోకుని ఎగరేసి పైకి జరపడం, మళ్లీ కాళ్లు ముడుచుకోవడం. ఒంటికి ఆ లయ ఇప్పుడిప్పుడే పడుతోంది. పది నిలువులెక్కి, గెల అందుకుందామని వెనక్కి వాలాడు.

టప్పుమన్న చప్పుడేమీ లేదు. పాతగుడ్డ చిరిగినట్టు వినిపించింది. నడుము వెనక ఉండాల్సిన ఆసరా లేదు. ఎవరూ "మోకు తెగింది" అని అరవలేదు.

కత్తి ఎప్పుడు వదిలాడో అతనికి తెలీదు. బంధం విదిల్చాడు. మాను మీద పడ్డాడు. చెంప, రొమ్ము, మోచేతులు ఒక్కసారే మానుకి అంటుకున్నాయి. పాదాలు వెనకాల వెతుక్కుని తాళం వేసుకున్నాయి. అప్పటికే జారుతున్నాడు. రంపం మీద ఈడ్చినట్టుంది. తోలు లేచిపోతోందని తెలుస్తోంది గాని నొప్పి ఇంకా రాలేదు. మెలిక పట్టుకునే ఉంది. మావయ్య చెప్పింది నిజమే, పట్టుకునే ఉంది అనుకున్నాడు.

మూడు నిలువులు మిగిలి ఉండగా అడుగుమాను వచ్చింది. తాటిమాను మొదట్లో లావు. అంతదాకా వదులుగా జారిన మెలిక అక్కడ బిగుసుకుంది. పాదాలు ఎవరో పట్టుకుని ఆపేసినట్టు ఆగాయి. పైనుంచి ఒంటి బరువు దిగుతూనే ఉంది. చేతులు విడిపోయి, వీపు వెనక్కి పడిపోతోంది.

అతను ఆలోచించలేదు. వైనతేయ పాయ మీద గాలివానలో తెరచాప కొయ్య మీంచి ఎలా దిగేవాడో ఒళ్లు అలా చేసింది. మెలిక ఊడదీసి, మోకాళ్లు బార్లా తెరిచి, అరికాళ్లు రెండూ మానుకి చెరోపక్కా నొక్కాడు. అరికాళ్లు మండాయి. ఒళ్లు మళ్లీ మాను మీద పడింది. వేగం తగ్గింది. గట్టు మీద రెండు కాళ్ల మీదే నిలబడి, ఆ తరవాత కూచుని, ఆ తరవాత పడుకున్నాడు.

నూకరాజు వచ్చేసరికి అతను కళ్లు తెరుచుకునే ఉన్నాడు. రొమ్ము మీదా తొడల లోపలా తోలు లేదు. ముసలాయన పక్కనే కూలబడ్డాడు. 

"కాళ్లు మెలివేసేవా?" మొదట అడిగింది అదే.

"ఆయ్, వేసేనండి."

"నేను చెప్పినట్టే?"

చుట్టూ జనం చేరారు. మంగాయమ్మ కూడా తోముతున్న లొట్టి చంకనెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నూకరాజు కళ్లు అల్లుడి నోటి మీదే ఉన్నాయి.

"అచ్చం మీరు చెప్పినట్టేనండి మావయ్యా," అన్నాడు సింహాద్రి.

నూకరాజు లేచి నిలబడ్డాడు. "విన్నారా!" అన్నాడు జనంతో.  "విన్నారర్రా? మూడు నెల్ల నాడు చెట్టంటే ఏమిటో తెలీదు వీడికి. మాట విన్నాడు. బతికేడు."

మంగాయమ్మ కాసేపు సింహాద్రి కేసి చూసింది. లొట్టి చంక మార్చుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో అరిటాకులు పరిచి పడుకోబెట్టారు. సత్యవేణి కొబ్బరినూనెలో పసుపు కలిపి కోడీకతో రాసింది.  బయట అరుగు మీద నూకరాజు వచ్చినవాళ్లందరికీ నాలుగు మాటలూ చెబుతున్నాడు. అయినవిల్లి నుంచి కూడా మనుషులొచ్చారు. 'నాలుగోదే ప్రాణం' అన్న మాట లోపలికి వినిపించినప్పుడల్లా సింహాద్రి మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

మూడో రోజున దివాణం గుమాస్తా కాశీవిశ్వనాథం గారు పేటలోకి వచ్చారు. ఆయన ఎప్పుడూ రారు, కబురే వస్తుంది. బంట్రోతు గొడుగు పట్టగా వీధి మధ్యలో నిలబడ్డారు.

"ఏరా నూకరాజూ, మోకు తెగినా చావనివాడు నీ అల్లుడేనటగా?"

"ఆయ్, తమరి దయండి."

"ఎల్లుండి కాలవ తవ్విస్తున్న దొరగారు మన తోటలోకి వస్తున్నారు. మాటల్లో ఈ సంగతి చెప్పాను. అంతెత్తు నుంచి పడ్డవాడు బతకడం కల్ల అన్నారు. కళ్లతో చూస్తే గాని నమ్మనన్నారు."

"దెబ్బలు చూస్తారాండి? రమ్మనండి, చూపిస్తాం."

"దెబ్బలు కాదురా. పడ్డం చూస్తారు."

 గుమ్మంలో నించుని సత్యవేణి అంది: "పచ్చిపుండండి అయ్యగారూ. చెయ్యి కూడా ఎత్తలేపోతున్నారండి."

గుమాస్తాగారు ఆమె వైపు చూడలేదు. "ఊరికే అడగడం లేదు. మోకులకి మట్టలు కావాలని నా కాళ్లు పట్టుకున్నావు కదా. పన్నెండిళ్ల వాళ్లూ కోసుకోవచ్చు. నేను మాట ఇస్తున్నాను. లేదంటారా, మీ ఇష్టం. చెట్లెక్కేవాళ్లు ఈ గోదావరి ఒడ్డున మీరొక్కరే లేరు."

వీధి పొడుగునా గుమ్మాల్లో మనుషులు నిలబడ్డారు. అందరూ నూకరాజునే చూస్తున్నారు. పన్నెండిళ్లలోనూ నాలుగేళ్ల మోకులే.

సింహాద్రి లోపల్నించి లేచాడు. అరిటాకు రొమ్ముకి అంటుకుని వచ్చింది. "నేనెక్కుతానండి," అన్నాడు గుమ్మం పట్టుకుని.

"పడుకో," అన్నాడు నూకరాజు. గుమాస్తాగారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "నేనెక్కుతానండి. వీడికి నేర్పింది నేను. దొరగారికి చూపించాలంటే నేర్పినవాడు చూపించాలండి."

"ఎవరైతేనేం," అన్నారు గుమాస్తాగారు.

మర్నాడు దివాణం నుంచి కొత్త మోకు వచ్చింది. కాలవ పని మీద ఉన్న పడవలోంచి తెచ్చిన జనపమోకు. మణికట్టంత లావు. నూకరాజు దాన్ని అరుగు మీద పరిచి బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లాడు. పేటలో మగాళ్లంతా చుట్టూ కూచుని చూస్తున్నారు.

"పదేళ్లు వస్తుందర్రా ఇది," అన్నాడు. "రేపు పైన దీన్ని కొయ్యాలంటే చెయ్యి రాదు."

సింహాద్రి గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డాడు. "మావయ్యా, ఓ మాటండి."

"చెప్పు."

"అడుగుమాను దగ్గిరికి వచ్చేసరికి కాళ్లు... ఆ మెలిక..."

"మెలిక?"

"కాస్త వదులు చెయ్యాలేమోనండి."

నూకరాజు పెద్దగా నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. "విన్నారర్రా! పడవోడు నాకు చెట్టు నేర్పుతున్నాడు!" అందరూ నవ్వారు. ముసలాయన అల్లుడి చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టుకున్నాడు. "భయపడకు. నా మాట నిన్ను దింపింది. నన్ను మాత్రం దింపదా?"

ఇంతమందిలో ఏం చెప్పడం? మూడు రోజులుగా ఊరూరికీ చెప్పుకున్న మాటని, ఆయన అరుగు మీదే, ఆయన మనుషుల ముందే, అబద్ధమని అనడం ఎలా? పొద్దున్న ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాడు సింహాద్రి. పొద్దున్న ఒంటరిగా ఉన్నది లేదు. తెల్లవారుతుండగానే డప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నారు.

గట్టు మీద కుర్చీ వేశారు. దొర వచ్చి కూచున్నాడు. పక్కన దుబాసీ, వెనకాల గుమాస్తాగారు. ఊళ్లోవాళ్లూ చుట్టుపక్కలవాళ్లూ కాలవకి రెండువైపులా నిలబడ్డారు. నూకరాజు చెట్టుకి మొక్కి మోకు వేసుకున్నాడు. మోకాళ్ల నొప్పులతో కొన్నాళ్లుగా చిన్న చెట్లే ఎక్కుతున్నాడు. ఇది అదే పన్నెండు నిలువుల చెట్టు. నెమ్మదిగా, ఒక్కో జరుపుకీ కాసేపు ఆగుతూ పైకి వెళ్లాడు. దొర దుర్భిణి ఎత్తాడు.

ఆకుల కిందికి చేరాక నూకరాజు కత్తి తీశాడు. డప్పులు జోరెక్కాయి. అప్పుడు సింహాద్రి సత్యవేణి భుజం వదిలేసి చెట్టు దగ్గిరికి పరిగెత్తాడు. రొమ్ము మీద పుండు పగిలి పంచె తడిసింది. "మావయ్యా! మెలిక వద్దండీ! అడుగున మెలిక తీసెయ్యండీ!" అని అరిచాడు. బంట్రోతులు అతన్ని రెక్కలు పట్టుకుని వెనక్కి లాగారు. పైకి డప్పుల మోతే వెళ్లింది.

కొత్త మోకు ఒక వేటుకి తెగలేదు. మూడు వేట్లు పట్టింది. కత్తి మెరుస్తూ కింద పడింది. బంధం పడింది. ముసలాయన మానుని కావిలించుకున్నాడు. పాదాలు మానెనకాల తాళం వేసినట్టు పడ్డాయి. అంత ముచ్చటగా జారుతున్న మనిషిని చూసి జనం ఒక్కసారిగా "ఆహా" అన్నారు. నాలుగు మాటలూ వరసలో, ఒక్కటీ తప్పకుండా చేశాడు.

అడుగుమాను దగ్గిర పాదాలు ఆగాయి. ఒళ్లు విల్లులా వెనక్కి వంగింది. చేతులు మానుని వదిలేశాయి. పాదాలు అప్పటికీ వదల్లేదు. తరవాత వీపు గట్టుకి తగిలిన చప్పుడు వినిపించింది.

డప్పులు ఆగాయి. దొర కుర్చీలోంచి లేచి ఏదో అడిగాడు.

"మొదటివాడు దిగినట్టు వీడెందుకు దిగలేదని అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ.

"ముసలివాడు," అన్నారు గుమాస్తాగారు.

దుబాసీ ఆ మాట చెప్పాడు. దొర తల ఊపి పల్లకీ వైపు నడిచాడు.

కాశీవిశ్వనాథం గారు మాట తప్పలేదు. ఆ సాయంత్రమే మట్టలు కోసుకోమని కబురొచ్చింది. మర్నాడు పొద్దున్నుంచీ పన్నెండిళ్లలోనూ మట్టలు దంచే చప్పుడే. ఎముకలు కట్టేవాడొచ్చి నూకరాజు కాళ్లు గిచ్చి చూశాడు. సూదితో పొడిచి చూశాడు. నూకరాజు మొహంలో ఏ మార్పూ లేదు. "నడుం దగ్గిర పోయిందండి," అని వెళ్లిపోయాడు. దారిన పోయేవాళ్లంతా మంచం దగ్గిరికి వచ్చి దణ్ణం పెట్టి వెళుతున్నారు.

మధ్యాహ్నం గంజి తాగించాక నూకరాజు అల్లుణ్ణి దగ్గిరికి పిలిచాడు.

"ఎక్కడో తప్పు చేసేన్రా," అన్నాడు. "అన్నీ చేసినట్టే ఉంది. ఎక్కడ తప్పేనో తెలీడం లేదు. నువ్వు చేసినట్టు చెయ్యలేపోయేను. చెట్టు ముసలాణ్ణి ఒప్పుకోదు."

సత్యవేణి గంజి ముంత పట్టుకుని అక్కడే ఉంది. సింహాద్రి మంచం పట్టె పట్టుకుని నేల మీద కూచున్నాడు.

"మీరు తప్పలేదండి," అన్నాడు. "నేను... నేనే మీరు చెప్పినట్టు చెయ్యలేదండి. అడుగుమాను దగ్గిర మెలిక బిగుసుకుంది. వెనక్కి పడిపోతుంటే తీసేసేను. కొయ్య మీంచి దిగినట్టు అరికాళ్లు చెరోపక్కా నొక్కి దిగేను. మీకు అబద్ధం చెప్పేను మావయ్యా. మీరు అంతలా అడిగేసరికి..."

మిగతాది నోట రాలేదు. సత్యవేణి చేతిలో ముంత వంగి గంజి నేల మీద పడింది. ఆమె దాన్ని చూసుకోలేదు. మొగుణ్ణి చూస్తోంది.

 నూకరాజు తిడతాడని, ఉమ్మేస్తాడని సింహాద్రి ఎదురుచూశాడు. ముసలాయన చెయ్యి పైకి లేచింది. గాలిలో రెండు వేళ్లు మెలివేశాడు. మెలిక విప్పి, రెండు వేళ్లూ ఎడంగా పెట్టి చూసుకున్నాడు.

"అడుగుమాను లావు," అన్నాడు తనలో తను. "నలభయ్యేళ్లు ఎక్కేను. నేనెప్పుడూ పడలేదు."

కళ్లు మూసుకున్నాడు. "నా కాళ్లు పోతే పోయేయి," అన్నాడు. "ముగ్గురి శవాల దగ్గిర నిలబడి అన్నాన్రా, చెప్పినట్టు చెయ్యలేదని." మళ్లీ కళ్లు తెరిచి, "మంగాయమ్మని రమ్మను," అన్నాడు.

మంగాయమ్మ దంచుతున్న మట్ట వదిలేసి, చేతులకి పీచు అంటుకుని ఉండగానే వచ్చింది. బావగారి ఎదట నిలబడదు గనక గుమ్మం చాటున ఆగింది.

"అమ్మా," అన్నాడు నూకరాజు. "నిన్న నేను పడింది చూసేవు కదా. కాళ్లు ఎలా ఆగేయో చూసేవా?"

"ఆయ్, చూసేనండి."

"తమ్ముడూ అలాగే పడ్డాడు. వాడు చెప్పినట్టే చేసేడమ్మా. చెప్పిందే తప్పు. ఇదుగో, వీడు మెలిక తీసేసేడు గనకే బతికేడు."

 సింహాద్రి తల ఎత్తలేదు. వీధి పొడుగునా రోకళ్లు పడుతూనే ఉన్నాయి.

"ఆయన వినలేదు అన్నారండి మీరు," అంది మంగాయమ్మ చివరికి. గొంతు పెంచలేదు.

"అన్నాను."

"తొమ్మిదేళ్లండి బావగారూ. తద్దినం నాడు కూడా తిట్టుకుంటూనే వండేను."

 ఆమె చేతులకున్న పీచు దులుపుకుని, తన ఇంటి వైపు వెళ్లిపోయింది. పట్టె మీదున్న సింహాద్రి చేతి మీద ముసలాయన చెయ్యి వచ్చి పడింది. పట్టుకోనూ లేదు, తొయ్యనూ లేదు.

అప్పుడు పక్కింట్లోంచి ఏడుపు మొదలైంది. నిన్నగాక మొన్న మొగుడు పోయినదాని ఏడుపు. ఒకదాని తరవాత ఒకటి పేటలో రోకళ్లన్నీ ఆగిపోయాయి. నూకరాజు పోయాడనుకుని ఆడా మగా అంతా ఈ ఇంటికి పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలోకొచ్చి, మంచం మీద కళ్లు తెరుచుకుని ఉన్న మనిషిని చూసి ఆగిపోయారు.

"ఎవరే పిల్లా? ఎవరు పోయేరు?" అని అడిగింది ముందున్న ముసలావిడ.

ఒలికిన గంజి తుడుస్తున్న సత్యవేణి లేచి నించుంది.

"మా చిన్నాన్నండి," అంది.